గొట్టంలో గాలి

ఫస్ట్ ఫ్లోర్ వాళ్ళ కారు వెనకాల
నీలం పట్టా కింద తొమ్మిదేళ్ళు పడుకుంది బండి.
పట్టా లాగితే ఒక బల్లి, తొమ్మిది వానల మట్టి,
ట్యాంకు మీద ఎవరో వేలితో రాసిన 'అమ్ముతారా?'

అమ్మను.
తుడిచాను.

టైర్లు మార్చింది జహంగీర్, కార్బొరేటర్ కడిగింది జహంగీర్.
"బ్రేకు గూడ చూసేస్తా మేడమ్, పది నిమిషాల పని."
వద్దన్నాను.
అతని తప్పేం లేదు. అది ఇంకెవరో,
వారాసిగూడ మలుపులో ఒక షాపు,
ఇప్పుడక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.
"అయిపోయింది, తీస్కపోండి" అని
చేతులు తుడుచుకున్న మనిషి మొహం కూడా గుర్తులేదు.
గుర్తున్నది లివరే.
పిడికిలి మొత్తం మూసుకుని హ్యాండిల్‌కి ఆనింది,
చక్రానికి మాత్రం ఆ కబురు అందలేదు.
ఎదురుగా జామకాయల తోపుడుబండి.
ఎడమ మోకాల్లో రెండు స్క్రూలు ఇప్పటికీ
ముసురు పట్టే ముందురోజు నాకు చెప్తాయి.

అప్పట్లో నేను జలమండలి మీటర్ రీడర్ని.
చిలకలగూడ, అడ్డగుట్ట, ఎక్కుడు దిగుడు గల్లీలు,
వంగి, డబ్బా మూత ఎత్తి,
సాలెగూడు తుడిచి అంకెలు రాసుకునేదాన్ని.
"నీళ్ళే రాలే, బిల్లెట్లొచ్చింది?" అని మీదపడేవాళ్ళు.
వాళ్ళదీ నిజమే.
నీళ్ళు వదిలే ముందు గొట్టంలో చిక్కిన గాలి
బుస్సున ముందు పరిగెత్తి
ముల్లును ఉత్తపుణ్యానికి తిప్పి పోతుంది.
అది రాయడానికి నా పుస్తకంలో గడి లేదు.

పడ్డాక కుర్చీ ఇచ్చారు.
కుర్చీలో పడేదేం ఉండదు.

నిన్న రాణిగంజ్ వెళ్ళి ప్యాడ్ల జత, రబ్బర్లు,
బ్రేకాయిలు, ఎనిమిది నంబరు పానా తెచ్చుకున్నాను.
మందుల షాపులో సెలైన్ గొట్టం అడిగితే
"ఎవరికి మేడమ్?" అన్నాడు పాపం, మెల్లగా.
బండికి.

ఆదివారం పొద్దున సెల్లార్లో పాత చీర పరిచి కూచున్నాను.
పాత నూనె మూడుసార్లు కాచిన డికాషన్‌లా ఉంది.
ప్యాడ్లు ఇనుముదాకా అరిగిపోయాయి.
కొత్తది తిరగేసి పెట్టాను మొదట.
"ఆంటీ, నల్లగున్న దిక్కు గదా లోపలికి?"
వాచ్‌మన్ బిడ్డ శివలీల, తొమ్మిదో తరగతి,
మెట్ల మీద జడ వేసుకుంటూ చూస్తోంది.
సగం జడతోనే వచ్చి లివర్ పట్టుకుంది.

కొట్టు. కొట్టు. కొట్టు. పట్టు.
పానా పావుచుట్టు తిప్పుతాను.
గొట్టంలో బుడగలు, చీమల బారులా.
మళ్ళీ బిగిస్తాను.
ఇప్పుడు వదులు.

నేను బిగించకముందే వదిలేసింది ఒకసారి,
పోయిన గాలంతా వెనక్కొచ్చింది.
ఏడుపుమొహం పెట్టింది.
మొదట్నించీ చేద్దాం లే అన్నాను.
మోకాలు మాత్రం ఒప్పుకోలేదు,
దాన్ని కాసేపు చాపి కూచోబెట్టాను.

ఇరవయ్యోసారో, ముప్పయ్యోసారో,
గొట్టంలో ఒట్టి నూనె, తేనెరంగు, బుడగ లేదు.
"ఆంటీ! ఇది నన్ను ఎన్కకు నూకుతుంది!"
పట్టి చూశాను.
రాయిలా ఉంది.
ఇంకోసారి పట్టాను, అవసరం లేకపోయినా.

గేటు ముందు నడకంత వేగంతో ఐదుసార్లు ఆపాను.
తర్వాత పద్మారావునగర్ దిగుడు.
వేళ్ళు రెండు లివర్ మీదే, వణుకుతూ, ఉండనీ.
వారాసిగూడ మలుపులో ఆ షట్టరు ఇంకా లేవలేదు.
నల్లా రోజు కాబోలు, గల్లీ నిండా బిందెలు.
ఒకటి దొర్లుకుంటూ నడిమధ్యకొచ్చింది,
ప్లాస్టిక్‌ది, పచ్చది.

పట్టాను.
బండి ముక్కు వంచింది, నిలబడింది.
బిందె తన దారిన పోయింది.

అరుగు మీద ముసలామె కళ్ళు చిట్లించి చూసింది.
"మీటరు మేడమ్‌వు గాదూ? ఏడికి వోయినవ్ ఇన్నొద్దులు?"
ఏం చెప్పాలో తోచక, నీళ్ళొచ్చాయా అనడిగాను.
"ఇంకేడివి, ఒట్టి గాలొస్తుంది."

ఇంజన్ ఆపి విన్నాను.
నల్లా బుస్సుమంటోంది.
అది మానేదాకా అక్కడే ఆగాను.