పిడికిలి

రూవీలో ఆగస్టు రాత్రి పదకొండు.
బాల్కనీ గచ్చు ఇంకా చల్లారని పెనం.
ముందు చక్రం ఊడదీసి, హ్యాండిల్ పైకి వచ్చేలా
బట్టల తీగ కొక్కేనికి సైకిల్ని వేలాడదీశాను.
వారం నుంచీ ముందు బ్రేకు మెత్తబడింది.
మీట నొక్కితే నానిన జంతికలా
వేళ్ల కింద కూలబడిపోతోంది.

పోయిన శుక్రవారం అమెరాత్ కొండ దిగుతుంటే
నా గుండె నాకంటే ముందే కిందికి చేరింది.
మలుపులో బూటు నేలకి రాసి రాసి ఆగాను.
మోకాలి చెక్కు ఇంకా పచ్చిగానే ఉంది.

కొట్టువాడు పన్నెండు రియాళ్లన్నాడు.
నేనే చేసుకుంటానన్నాను. నవ్వాడు.
నా చేతుల సంగతి వాడికి తెలీదు.

క్లినిక్‌లో రోజుకి అరవై మోచేతులు చూస్తాను.
సిమెంటు చేతులు, గోరింట చేతులు,
నరం దొరకని బొద్దు చేతులు.
మడతలో రెండు వేళ్లతో తట్టి
"పిడికిలి బిగించండి" అంటాను.
ఆ ఒక్క మాటే నాకు ఐదు భాషల్లో వచ్చు.

టార్చి పట్టుకుంది కమరున్నీసా,
అబాయాల కొట్లో కుట్టుపని ఆమెది, ఊరు మైదుకూరు పక్కన.
"ఏమ్మే, దీనికి గ్యాసు పట్టిందా?" అంది.
అచ్చంగా అదేనన్నాను.

ప్యాడ్లు తీసి గుడ్డలో చుట్టి వంటింట్లో దాచాను,
నూనె చుక్క తగిలితే జన్మంతా కీచుమంటాయి.
వాటి చోట్లో పసుప్పచ్చ ప్లాస్టిక్ బిళ్ల దోపాను.
పైన మీట దగ్గర చిన్న గరాటు,
కింద క్యాలిపర్‌కి సన్నగొట్టం, గొట్టానికి సిరంజీ.
గడువు దాటిందని పారేయబోతే అడిగి తెచ్చుకున్నది,
ఎవరి ఒంట్లోకీ దిగనిది.
నూనె ఎర్రగా, పల్చగా ఉంది.
"రంజాన్ షర్బత్తు" అంది కమరున్నీసా.

ఏడో నంబరు పానాతో నట్టుని పావు చుట్టు తిప్పాను.
రోజంతా వెనక్కి లాగే బొటనవేలు
ఇప్పుడు ముందుకి తోయాలి. కాస్త వణికింది.
ఇంగ్లీషులో ఈ పనిని నెత్తురు తీయడమంటారు,
తీరా తీసేది గాలిని.

గరాటులో మొదటి బుడగ తేలింది, ఆవగింజంత.
తర్వాత రెండు. తర్వాత
బడి వదిలినట్టు ఒక గుంపు.
గొట్టం వంపు దగ్గర ఒకటి మొండికేసింది.
రెండు వేళ్లతో తట్టాను.
"దొరికిందా నరం?" అంది.
ఇద్దరం నవ్వాం, టార్చి వెలుగు గోడెక్కింది,
చుక్క ఒకటి జారి
ఏసీ కారిన నీళ్లలో గులాబీ మరకైంది.

"ఇంతోటి గాలికి బండి ఆగదా?"
ఆగదు. నూనెని నొక్కితే నూనె లొంగదు,
ఆ మొండితనమే చక్రం దాకా పోతుంది.
గాలి అలా కాదు. నొక్కినంతా ఇమిడిపోతుంది.

కమరున్నీసా ఏమీ అనలేదు.
కాసేపటికి, టార్చి చెయ్యి మార్చుకుంటూ,
సేటు రెండు నెల్ల జీతం ఆపాడని చెప్పింది.
రేపు అడుగుతానంది.
ఈ మాట ఇంతకు ముందు మూడుసార్లు విన్నాను.

నట్టు బిగించాక కూడా మీటలో ఇంకాస్త మెత్తన.
ఎక్కడో దాక్కున్న ఆఖరి బుడగ.
రాత్రంతా నొక్కి ఉంచితే తనంతట తనే పైకెక్కుతుంది.
బ్యాగులోంచి నీలం రబ్బరు పట్టీ తీసి
మీటనీ హ్యాండిల్నీ కలిపి కట్టాను.
మనిషి చేతికైతే
నిమిషం దాటి ఉంచను.

ఫజర్ నమాజుకి ఆమె లేచిన చప్పుడుకి మెలకువొచ్చింది.
పట్టీ విప్పాను.
మీట నొక్కాను. గోడ.
మళ్లీ నొక్కాను, ఊరికే.

వజూ నీళ్లు ఇంకా కారుతున్న చేతుల్తో
కమరున్నీసా గుమ్మంలో నిలబడింది.
"ఏదీ, నన్నొకసారి" అంది.
నొక్కింది.
చాలాసేపు వదల్లేదు.