ఒక ఇటుకా, రెండా

భూమిని తూచడానికి తక్కెడ అక్కర్లేదని
మా మేడమ్ మొదటిరోజే చెప్పింది.
రెండు ఉపగ్రహాలు చాలు.
ఒకే వలకి చెరో అంచు పట్టుకున్న తెప్పల్లా
ముందొకటి, వెనకొకటి,
మధ్య రెండొందల ఇరవై కిలోమీటర్లు.
కింద నీళ్ళెక్కువైన చోట
ముందుది కాస్త ఉరుకుతుంది,
వెనకది ఆలస్యంగా తెలుసుకుంటుంది.
ఆ ఎడం మారేది వెంట్రుక మందంలో ఎన్నో వంతు.
ఆ కాస్తలోంచే లెక్కగడతాను
నేల ఎంత తాగిందో,
కడుపులో ఇంకెంత పడుతుందో.

వరద వానతో మొదలవదు.
ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

చినవాల్తేరు మెట్ట మీద మా ల్యాబు.
జ్ఞానాపురం పల్లంలో నా అద్దె గది.
ఇంటామె సన్నాసమ్మ
తెల్లారగట్ల చేపలరేవులో ఐసు మోస్తుంది.
పెరట్లో ఒరల నుయ్యి.
మే నెలలో ఏడు బారల తాడు,
వినాయక చవితికి మూడు,
ఈ పూట వంగి చెంబు ముంచేసింది.
తాడు విప్పి కొక్కేనికి తగిలిస్తూ
"నేలకి ఆకలి సచ్చిపోనాదే గుంటా" అంది.

నా పటంలో విశాఖ ఒక గడికి మూల.
అదే గడిలో జయపురం, పార్వతీపురం,
శ్రీకాకుళం, బోలెడంత సముద్రం.
సముద్రం బరువు ఒడ్డు దాటి
నేల లెక్కలోకి కారుతుంది.
లీకేజీ అంటాం దాన్ని, అని చెబితే
వంటింటి రేకు కేసి చూసి నవ్వింది.
ఇంకో సంగతి మాత్రం చెప్పలేదు:
ఆగస్టు బరువు నాకు అక్టోబరులో అందుతుంది,
పెళ్ళయ్యాక వచ్చిన శుభలేఖలా.

కలెక్టరేటు నుంచి ఫోను.
"ఏ వార్డమ్మా?"
వార్డు లేదండీ, నాలుగు జిల్లాలకీ ఒకే రంగు.
"ఏ రంగు?"
ముదురు నీలం.
రాసుకుంటున్న చప్పుడు.
ముదురని రాశాడో, నీలమని రాశాడో.

అల్పపీడనం కళింగపట్నం వైపు జరిగిందని రేడియో.
మేహాద్రిగెడ్డ గేట్లెత్తేశారని ఆటోవాళ్ళు.
ఇంకా ఎత్తలేదని వేరే ఆటోవాళ్ళు.

రాత్రి కరెంటు పోయింది.
బియ్యం డబ్బా అటకెక్కింది.
గ్యాసు పొయ్యి గూట్లోకి.
మనవరాలి పదో తరగతి సర్టిఫికెట్
పాలప్యాకెట్ కవర్లో చుట్టుకుని
దేవుడి పటం వెనక్కి వెళ్ళింది.
సన్నాసమ్మ మంచం ఒక పక్క ఎత్తి
ఐసు దిమ్మలెత్తిన చేత్తో అలాగే పట్టుకుని
"నీ చుక్కలు ఏటంటన్నాయే?
కోడుకి ఒక ఇటుకా, రెండా?"

నా దగ్గరున్నది ఆగస్టు.
ఒక గడి, దానికి మూల.
పెరట్లో ఒర అంచుకి
నీళ్ళు తగులుతున్న చప్పుడు.

రెండు, అన్నాను.

గోడవార నుంచి తీసి అందిస్తుంటే
ఇటుకలు అప్పటికే చెమ్మగా,
ఉండాల్సినదానికంటే బరువుగా ఉన్నాయి.