నిమిషానికి ఎంత

మురకంబట్టు దాటినాక షెడ్డు.
రోడ్డు పొడుగునా బెంగుళూర కాయల ట్రాక్టర్లు
నిన్న రాత్రి నుంచి కదల్లేదంట,
టైర్ల కింద రసం, రసం మీద ఈగలు.
జ్యూస్ ఫ్యాక్టరీలో కాయలుడికించే తొట్టి ఒకటి పగిలింది.
దానికి వేయాల్సిన స్టీలు రేకు
ఇక్కడ బల్ల మీద సగం తెగి పడుంది.

"అర నిమిషం కోస్తాదన్నా, ఆరిపోతాది,"
అద్దాలు నుదుటి మీదికి తోసి నాదముని చెప్పినాడు.
"నాజిల్ చూడు, అప్పడం మాడినట్టు."

నిజమే. ఎలక్ట్రోడ్ మొనలో
ఆవగింజ దాగేంత గుంట.
ఇరవై వేల డిగ్రీల నిప్పుకు
వేలెడు రాగిముక్క ఎదురు నిలబడేది
వెనక పారే చన్నీళ్లను నమ్ముకునే.

ముందు కళ్లు, తర్వాత చేతులు, ఆఖరికి మీటరు
అనేవాడు పని నేర్పిన మస్తాన్ సాయబు.
ట్యాంకులో మట్టం సరిగానే ఉంది.
ఫిల్టరు, పానకం వడగట్టిన గుడ్డ.
మార్చినా. మళ్లీ అర నిమిషమే.
గొట్టం ఎక్కడన్నా మడత పడిందేమోనని
పామును తడిమినట్టు తల నుంచి తోక దాకా తడిమినా.
పంపు తిరగతానే ఉంది.
తిరగడం వేరు, తోయడం వేరు.

నీళ్లు తిరిగొచ్చే గొట్టం విప్పి బకెట్లో పెట్టి
"ఎవురైనా నిమిషం లెక్కబెట్టండి" అన్నా.
షెడ్డు ఊడ్చే ధనకోటి చీపురు పక్కన పెట్టి
వేళ్ల కణుపుల మీద అరవై లెక్కబెట్టింది.
నాలుగు లీటర్లు రావాల.
చెంబెడు రాలేదు.

మరి ఇంత కరువొస్తే మిషనే అరవాల కదా,
ఎందుకు అరవలా?

పక్కరేకు విప్పినా.
నీళ్ల స్విచ్చికి పోయే రెండు వైర్లను కలిపి
బెత్తెడు అడ్డతీగ.
నీళ్లున్నా లేకున్నా
ఉండాయి ఉండాయి అని చెప్తా ఉంది.
"ఏ పనికిమాలినోడు..." అని మొదలుపెట్టి
ఆగినా.
మూడు చుట్లు. ఎడమచేతి మెలి. పైన పచ్చ టేపు.

పోయిన కాపులో, ఇట్లాంటి రాత్రే,
ఇట్లే ట్రాక్టర్లు నిలబడి ఉంటే
"ఈ పూట గడిపెయ్, రేపొచ్చి మారుస్తా" అన్న గొంతు
నాదే.
కొత్త స్విచ్చి అప్పుడే కొన్నా.
ఏడాదిగా నా సంచి అడుగునే ఉంది, కవరు చించకుండా.

"తగ్గినప్పుడల్లా నేనే బోరునీళ్లు పోస్తి,"
ధనకోటి మెల్లగా అనింది.
"ఆ రంగునీళ్లు అయిపోయినాయి, కొనమంటే కొనలా."
నాదముని ఆమె మీదికి లేచినాడు:
"మన బోరునీళ్లకు గిన్నె అడుగునే సున్నం కడతాది,
దీని గొంతులో కట్టదా?"
"ఆమెను అనొద్దు," అన్నా.
ఎందుకో చెప్పడానికి ఇంకో బీడీ అంత టైం పట్టింది.

తీగ కత్తిరించి కొత్త స్విచ్చి పెట్టినా.
ఎర్రలైటు వెలిగింది.
"చెడిపోయిందా?" అన్నాడు నాదముని.
"లేదు, ఇప్పుడే బాగయింది" అన్నా.
నమ్మలా.

టార్చి విప్పి, లోపలి సన్నగొట్టంలో సున్నం గీకి,
ట్యాంకు కడిగి, అసలైన కూలెంటు పోసేసరికి
మూడు దాటింది.
బయట ఏదో ట్రాక్టరులో డ్రైవరు దగ్గుతున్నాడు.

"ఇంకోసారి లెక్కబెట్టనా?" అనింది ధనకోటి.
నలభై దగ్గర ఆమె గొంతు మారింది.
యాభై ఎనిమిదికి
నీళ్లు నాలుగో గీత దాటినాయి.

బిల్లు పుస్తకంలో కూలి గడి కాడ
పెన్ను ఆగింది.
వేలికి పచ్చ టేపు ముక్క అంటుకుని ఉంది,
ఎంత విదిలించినా పోలా.