ఇత్తడి రాళ్లు

ఫిబ్రవరి. హడర్స్‌ఫీల్డ్ లైబ్రరీ, పై అంతస్తు గది.
రేడియేటరు మీద తడి గొడుగులు.
మొదలవని యుద్ధం గురించి వాదించుకోవడానికి
ముప్పై ఏడుగురం వచ్చాం.

నేను పనిలోంచి నేరుగా వచ్చాను.
కుర్చీ కింద సంచి,
సంచిలో పది గ్రాముల నుంచి ఐదు కిలోల దాకా ఇత్తడి రాళ్లు.
బజారు తక్కెళ్లని తనిఖీ చెయ్యడం నా ఉద్యోగం.

డెస్మండ్ హార్‌గ్రీవ్ లేచాడు. పాత సైనికుడు,
లేస్తే మడమలు వాటంతటవే కలుస్తాయి.
"ముందే కబురుపెట్టి తలుపు తట్టేవాడికి
దొంగ ఎప్పుడైనా సరుకు చూపించాడా?
వెళ్లాలి. తీసుకురావాలి. అంతే."

కెమిస్ట్రీ టీచరు వినిఫ్రెడ్ కూర్చునే అంది:
"తట్టే చెయ్యి గుమ్మంలో ఉన్నన్నాళ్లూ
లోపల కొత్తగా ఏదీ వండలేరు.
బాంబు పడ్డాక ఏ పీపాలో ఏముండేదో
మసినడిగి తెలుసుకుంటావా డెస్మండ్?"

ఎందుకో నేనూ లేచాను.
ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా అన్న సామెత
నోటిదాకా వచ్చి
ఇంగ్లీషు గడప బయట చెప్పులు విడిచి నిలబడిపోయింది.
అందుకని మాంసం కొట్టు సంగతి చెప్పాను.
పళ్లెం కింద గోరంత అయస్కాంతం,
కిలోకి నలభై గ్రాముల మోసం.
పట్టుకున్నాను. కొట్టు కూలగొట్టలేదు,
తక్కెడకి సీలు వేశాను.
దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు వాడు.

"ఎన్నో తనిఖీలో దొరికింది?" డెస్మండ్ గొంతు.
నాలుగోదాంట్లో.
"అంటే ఎన్నాళ్లకి?"
మూడేళ్లకి.
గదంతా నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగాను.
ఆ మూడేళ్లూ తక్కువ తిన్న ముసలమ్మలెవరో
నా నివేదికలో లేరు.

చెప్పకుండా కూర్చున్నది ఇంకొకటుంది.
అదే వీధిలో మరో కొట్టు. అనుమానమొచ్చి ఏడుసార్లు వెళ్లాను.
ఏడుసార్లూ తూకం సరిగ్గానే ఉంది.
ఎనిమిదోసారి ఆ తలుపు తోస్తుంటే తెలిసింది,
నేను వెతుకుతున్నది తప్పుని కాదు,
నా అనుమానానికింత మేత.
లేనిదాన్ని లేదని తూచే రాయి
నా సంచిలో లేదు.

చేతులెత్తమన్నారు. పంతొమ్మిది, పదిహేడు,
ఒకరు ఎటూ ఎత్తలేదు.
లండన్‌లో ఎవరికీ ఆ లెక్క అక్కర్లేదని తెలిసీ
వినిఫ్రెడ్ రెండుసార్లు లెక్కపెట్టింది.

మెట్ల దగ్గర నా సంచి అందుకున్నాడు డెస్మండ్.
"ఎంతుంటుంది?"
పదకొండు కిలోలు.
"కచ్చితంగా?"
కచ్చితంగా. జనవరిలోనే సరిచూశారు.
నాలుగు మెట్లు దిగాక
నాతో కాదన్నట్టుగా అన్నాడు:
"మావాడు కువైట్‌లో ఉన్నాడు.
వాడికిచ్చిన గ్యాసు మాస్కు
గడ్డం దగ్గర అతకడం లేదట."

బయట వాన. నా బస్సు వచ్చింది.
సంచి ఇంకా అతని చేతిలోనే ఉంది.
ఇమ్మనడానికి నాకు నోరు రాలేదు.