ఉన్నదంతా చెప్పు

కాలిమ్నోస్ దీవిలో, రేవు వెనక మూడో సందులో
నోటరీ థెమెలిస్ గది.
కాగితాలు ఎగరకుండా ఎండు స్పాంజి ఒకటి పెట్టాడు,
ఫ్యాన్ తిరగ్గానే
అదే ముందు ఎగిరిపోయింది.

"ఉన్నదంతా చెప్పు, ఎవాంథియా."
"ఏముంది?" అంది ఆవిడ.
సంచి మోయడానికి వెంట వచ్చిన నేను,
ఆవిడ మేడగదిలో అద్దెకున్నవాణ్ణి,
గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

రెండు గదులు.
అంజూరపు చెట్టు, కొమ్మలు సగం పక్కింట్లోకి.
గాజు పగిలిన ఇత్తడి టోపీ,
మామగారు దాన్ని తగిలించుకునే సముద్రం అడుగున నడిచేవాడట.
పడవ రాయొద్దు, అమ్మేశాం.

పైన శీర్షిక రాశాడు థెమెలిస్: పెరియుసియా. ఆస్తి.
కలం ఆపాడు. ఒకప్పుడు బడిపంతులు, ఆ అలవాటు పోలేదు.
"ఇందులో ఉసియా ఉంది చూశారా,
పాతరోజుల్లో అంటే పొలం, మేకలు, నూనె జాడీలు.
తర్వాత తత్వం చెప్పేవాళ్ళొచ్చి
కంచె పీకి, మేకల్ని తోలేసి,
'ఉండటం' ఒక్కటే ఉంచుకున్నారు.
'ఉన్న' అనే మాటకి స్త్రీలింగంలోంచి పుట్టింది."
"అయితే మొదట ఉన్నది ఆడదేగా," అంది ఎవాంథియా,
"మరి ఇల్లు మామగారి పేరనెందుకుంది?"

నాకు నా భాష గుర్తొచ్చింది.
అస్తి అంటే ఉంది.
ఒక్క దీర్ఘం తగిలిస్తే చాలు, పొలాలు మొలుస్తాయి.
మా దగ్గర ఉన్నవాడంటే
ఊపిరి ఉన్నవాడని కాదు,
లేనివాడు కూడా
మా మధ్యే తిరుగుతాడు, చెమటోడుస్తూ,
కూలి అడుగుతూ.

"ఇక, నికీటాస్..." నోటరీ గొంతు తగ్గించాడు.
పదకొండేళ్ళ కిందట స్పాంజికని మునిగాడు.
తాడు పైకొచ్చింది.
పోయాడని రాయనివ్వలేదు ఆవిడ ఏ కాగితం మీదా.
థెమెలిస్ చాలాసేపు ఆలోచించి
ఖాళీ గడిలో ఒక మాట రాశాడు:
అపుసియా.
లేకపోవడం.

ఎవాంథియా ముందుకి వంగింది.
ఒక్కో అక్షరం పెదాలతో తడుముతూ చదివింది.
మొదటి రెండు అక్షరాల మీద
బొటనవేలు ఆనించింది.

మిగిలింది ముగ్గురం చదివాం.

నేల మీంచి స్పాంజి తీసి బల్ల మీద పెట్టాను.
అన్నీ చిల్లులే. చిల్లులున్నాయి కనకే
నీళ్ళు పడతాయి దానికి.

వేలు తీయకుండానే అడిగింది ఆవిడ:
"దీనికి కూడా పన్ను కట్టాలా?"