అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా

మా ఆఫీసులో ఇళ్లంటే పసుపు.
ఇరవై ఆరేళ్లుగా ఆ రంగే పూస్తున్నాను.
మొదట్లో పెన్సిలుతో, గోళ్లలో పొడి ఇరుక్కునేలా,
తర్వాత మౌస్ మీద ఒక్క నొక్కుతో.
పసుపంటే నిద్ర, వంట, ఆరేసిన బట్టలు.
పసుపులో ఎవరూ ఏమీ అమ్మరు
అని నిబంధన.

మూసారాంబాగ్ వెనక తపాలా ఉద్యోగుల కాలనీ,
నూట పన్నెండు ప్లాట్లు.
దాన్ని ఊదా చేయమని ఫైలొచ్చింది.
కింద దుకాణాలు, పైన కాపురాలు,
మధ్యలో బండ్లు రాని నడకదారి.
ఫైలుతో పాటు వచ్చిన బొమ్మలో
చెట్లన్నీ ఒకే ఎత్తు,
నడిచేవాళ్లందరి నీడలూ ఒకే వైపు.
ఒక్కరి చేతిలోనూ సంచి లేదు.

నోటీసు అంటించడానికి నేనే వెళ్లాను,
జిగురు డబ్బాతో, టేపుతో, అటెండరు ఫసీయుద్దీన్‌తో.
నా పటంలో పచ్చగా నిద్రపోతున్న చోట
పదమూడో నంబరు గుమ్మంలో జాకెట్లు కుడుతున్నారు.
ముప్పయ్యో నంబరు మేడ మీద
యాభై మంది పిల్లలు ఒకేసారి సైన్ తీటా అంటున్నారు.
కారు ఉండాల్సిన షెడ్డులో గ్రైండరు,
తలుపు మీద సుద్దముక్కతో: దోసెల పిండి, కిలో నలభై.
ఫసీ నవ్వాడు.
"ఊదా ఎప్పుడో అయిపోయింది సాబ్,
మనకే ఖబర్ లేదు."

చెన్నకేశవులు గారు కళ్లద్దాలు తుడుచుకుని
నోటీసు రెండుసార్లు చదివారు.
ముప్పై నాలుగేళ్లు ఉత్తరాలు మోసిన కాళ్లు.
"అంబర్‌పేట నుంచి సైదాబాద్ దాకా
ఏ కుక్క కరుస్తుందో, ఏది ఉత్తగా మొరుగుతుందో చెప్పేవాణ్ని.
ఇప్పుడు ఎదురుగా కనబడే మందుల షాపుకి
ఆటో మాట్లాడుకుంటున్నా.
అంత దూరం పోయి, యూటర్న్ తీసుకుని,
ఎనభై రూపాయలు. రోడ్డు దాటడానికి!
మాత్రలు అరవై."
నా పెన్ను అడిగి, గోడకే కాగితం ఆనించి
నాకు సమ్మతమే అని రాశారు.
కింద సంతకం, పిన్‌కోడుతో సహా.

ఇరవై రెండో ప్లాటు పెద్దాయన ఒప్పుకోలేదు.
కింద కోడికూర వండితే
పైన దేవుడి గదికి వాసనొస్తుందన్నాడు.
గేటు దాకా సాగనంపుతూ అల్లుడు
గజం ఎంతకు పోతుందని అడిగాడు, చాలా మెల్లగా.

మలుపులో, ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు ఆనుకుని
రాజవ్వ ఇస్త్రీ బండి.
అది ఏ ప్లాటూ కాదు.
మా పటంలో రోడ్డు తెలుపు,
ఆ తెలుపులో పదకొండేళ్లుగా బొగ్గులు రాజేస్తోంది.
"గిదంతా నడిచేటోళ్ల కోసమేనా సారూ?"
అవునన్నాను.
"నడిచేటోళ్లు ఎట్లనో నడుస్తరు.
నిలబడేటోళ్లు యాడ నిలబడాలె?"

నిబంధనలన్నీ మనసులోనే తిరగేశాను.
కాలిబాట వెడల్పుంది, బెంచీకీ బెంచీకీ ఎడముంది,
చూపులేనివాళ్ల పాదాలకు గరుకు పలకలున్నాయి.
సైకిలుకు కొక్కెం కూడా ఉంది.
రాజవ్వ ఎవరిదో చొక్కా కాలరు మీద
నీళ్లు చిలకరించి, పెట్టె ఎత్తింది.
ఆవిరి ఇద్దరి ముఖాలకీ తగిలింది.

"అభ్యంతరం రాయించి ఇవ్వమ్మా" అన్నాను.
"వద్దంటలేను గద, జాగ అడుగుతున్న."
అర్జీలో మొదటి గడి: ప్లాటు నంబరు.
"అండ్ల ఏం రాయాలె?"

ఏమీ చెప్పలేక టేపు తీశాను.
ఫసీ రెండో కొస పట్టుకున్నాడు.
ఆరడుగులు, నాలుగడుగులు,
బొగ్గు బస్తాకి ఇంకో అడుగున్నర.
సాయంత్రం పటంలో ఆ మలుపు దగ్గర
అంత మేరా ఒక గీత గీశాను.
ఏ రంగు నింపాలో తెలియలేదు, ఖాళీగా వదిలాను.
పైవాళ్లడిగితే కొలతలో పొరపాటంటాను.

ఇంకా తొమ్మిది రోజులుంది.