అర డిగ్రీ

నైవాషా సరస్సు దగ్గర తొమ్మిదో షెడ్డులో
క్వాంబోకా పన్నెండేళ్లుగా గులాబీల పొడవు కొలుస్తోంది.
యాభై సెంటీమీటర్లు, అరవై, డెబ్బై.
ముల్లు గుచ్చుకున్నా వేలు ఉలిక్కిపడదు,
ఆ అలవాటు ఎప్పుడో మానుకుంది.

మొన్నటిదాకా పువ్వుకి తొందరెక్కువ.
తెల్లారి కోస్తే పొద్దుగూకేసరికి లారీ,
అర్ధరాత్రి నైరోబీలో విమానం,
మర్నాడు హాలండులో వేలంపాట.
అక్కడెవరో కుండీలో నీళ్లు పోసేవేళకి
ఇక్కడ మొక్క మీద కత్తిగాటు
ఇంకా తడారేది కాదు.

ఈ ఏడు కొనేవాళ్లు కొత్త ప్రశ్న పంపారు:
ఒక్కో కాడకి పొగ ఎంత?

సూపర్‌వైజరు చెరోప్ కాగితం చూసి చదివింది.
ఇక విమానం లేదు, ఓడ.
ముప్ఫై రోజులు
అట్టపెట్టెలో, చీకట్లో, అర డిగ్రీ చలిలో.
పువ్వుని నిద్రపుచ్చాలట.
మొగ్గ బిగిసి ఉండగానే,
తన రంగేమిటో బయటపెట్టకముందే కోసెయ్యాలట.
నిన్న పచ్చిదని పక్కకి విసిరేసిందే
ఇవాళ మొదటి రకం.

కొన్నిటికి నిద్ర పట్టదు.
వాసన ఉన్నవాటికి మరీను.
ఓడలో పన్నెండో రోజుకే
తమని తాము ఖర్చుపెట్టేసుకుంటాయి.
అందుకని ఏడో గ్రీన్‌హౌసు మొత్తం పీకేశారు.
కాడలు కూలీలకి ఊరికే ఇచ్చారు, పొయ్యిలోకి.
కొందరు మోపులు కట్టి రోడ్డు పక్కన పెట్టారు.
పూలమ్మిన చోట కట్టెలమ్మడం
మనకి సామెత.
అక్కడ మోపు ఎనభై షిల్లింగులు.
ముళ్లు చెక్కకపోతే అరవై.

ఆమె మొగుడు ఒగేటో ఎయిర్‌పోర్టు లారీ తోలేవాడు,
ఘాట్ మలుపుల్లో తన చెంప తనే వాయించుకుంటూ.
ఇప్పుడు పూలు ఊరి పక్కనే రైలెక్కి
మొంబాసా పోతున్నాయి.
పదకొండు లారీల్లో రెండు మిగిలాయి,
వాటిలో అతనిది లేదు.
పెళ్లయ్యాక మొదటిసారి
రాత్రంతా ఇంట్లోనే ఉంటున్నాడు,
కళ్లు తెరుచుకుని.

ఇల్లంటే ఈ అద్దె గది.
అసలు ఇల్లు కిహోటోలో ఉండేది.
సరస్సు ముందు గడప దాకా వచ్చింది,
తర్వాత మంచం కోళ్ల దాకా.
ఒక రాత్రి వంటింటి గోడకి ఆనుకుని
నీటిగుర్రం గురక పెట్టింది.
పొద్దున్నే గిన్నెలూ పిల్లల బడి సంచులూ
నెత్తిన పెట్టుకుని వచ్చేశారు.

లెక్కలు రాసే కుర్రాడొకడు విమానంలో వచ్చాడు.
ఎరువుకెంత పొగ, అట్టపెట్టెకెంత, ఓడకెంత.
నువ్వు పనికెలా వస్తావమ్మా?
నడిచి.
సంబరంగా సున్నా వేసుకున్నాడు.
మునుపు పావుగంట నడక, అందామె,
ఇప్పుడు నీళ్లు చుట్టి రావాలి, గంటంబావు.
అతను కాగితం పైకీ కిందకీ చూశాడు.
దానికి గడి లేదు.

శుక్రవారం ఆఖరి పెట్టె తనే లోపలికి నెట్టింది.
అర డిగ్రీ అంటే ఎంతో
ఆమెకి మోచేతి దాకా తెలుసు.
తలుపు పడింది, సీలు వేశారు.

నెల తర్వాత ఎవరో కాడ చివర కత్తిరించి
గోరువెచ్చని నీళ్లలో పెడతారు.
పువ్వు మెల్లగా లేస్తుంది.
గులాబీ చేతికొస్తే ఎవరైనా
ముందు ముక్కు దగ్గరే పెట్టుకుంటారు.

ఆ మాట చెరోప్‌కి చెబుదామనుకుంది.
ఈలోగా తర్వాతి కట్ట వచ్చింది.
యాభై.